నిద్ర సర్వేకి ఏది మేలు? ప్రశ్నాపత్రమా, చేతి వాచీయా, పొద్దుటి డైరీయా?

ప్రాజెక్టుల సీజన్ రాగానే నాకు వచ్చే ప్రశ్న ఒకటే. "నిద్ర మీద సర్వే చేస్తున్నామండీ, పీఎస్‌క్యూఐ పెట్టమంటారా, స్మార్ట్‌వాచీల డేటా తీసుకోమంటారా?" పీఎస్‌క్యూఐ అంటే పిట్స్‌బర్గ్ స్లీప్ క్వాలిటీ ఇండెక్స్, నిద్ర నాణ్యతకి మార్కులేసే ప్రశ్నాపత్రం. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. పైగా ఈ మధ్య మేమే ఒక చిన్న సర్వే మొదలుపెట్టి, మొదటి విడతలో బోర్లాపడి, రెండో విడతలో దారి మార్చుకున్నాం. అందుకని నాకు తోచిందంతా ఒకచోట రాసేస్తున్నాను. సగటు, ప్రామాణిక విచలనం, శాంపిల్ సైజు లాంటివి మీకు తెలుసనే అనుకుంటున్నాను.

నా మొగ్గు డైరీ వైపు, అంటే రోజూ పొద్దున లేవగానే నిన్నటి రాత్రి నిద్ర గురించి రాయించే పద్ధతి వైపు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది, దాచినా ఎలాగూ దాగదు.

అన్నిటికంటే చవకైన పద్ధతి ఒకే ఒక్క ప్రశ్న: "మీరు మామూలుగా ఎన్ని గంటలు నిద్రపోతారు?" దీన్ని అంత తేలిగ్గా తీసిపారేయలేం. 2002లో డేనియల్ క్రిప్కీ బృందం అమెరికాలో 11 లక్షల మంది సమాధానాలు తీసుకుని చూస్తే, ఏడు గంటలు నిద్రపోతామన్నవాళ్లలో మరణాలు అందరికంటే తక్కువగా కనిపించాయి. అక్కణ్ణుంచి అటు తగ్గినా ఇటు పెరిగినా మరణాల రేటు పైకి పోయింది. "ఏడు గంటలు చాలు" అనే మాటకు బలం ఇచ్చినవాటిలో అదొకటి. అయితే అది ఎవరూ కొలిచిన ఏడు కాదు, జనం నోటితో చెప్పిన ఏడు. అడిగితే ఆరంటారు, ఏడంటారు, ఎనిమిదంటారు. ఆరూ నలభై అని చెప్పినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. గ్రాఫ్ గీస్తే పూర్ణాంకాల దగ్గర గుట్టలు, మధ్యలో గుంతలు.

గుట్టల సంగతి ఎలాగోలా సర్దుకోవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. నా దృష్టిలో ఏ పద్ధతి ఎంచుకోవాలో తేల్చేది అదే.

2008లో డయాన్ లాడర్‌డేల్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. షికాగోలో 669 మంది మధ్యవయస్కుల చేతికి కదలికలు నమోదు చేసే పరికరం కట్టి, వాళ్లు నోటితో చెప్పిన గంటలతో పోల్చారు. పరికరం లెక్కలో సగటు నిద్ర 6 గంటలు. జనం చెప్పింది 6.8. రెంటి మధ్య సహసంబంధం 0.47 (రెండూ పూర్తిగా కలిసి నడిస్తే అది 1). ఇంతవరకు చదివి చాలామంది "ఓహో, జనం ముప్పావు గంట ఎక్కువ చెబుతారన్నమాట, తీసేస్తే సరి" అనుకుంటారు. అక్కడే పప్పులో కాలేస్తారు. అందరూ ఒకేలా కలిపి చెప్పలేదు. 5 గంటలు నిద్రపోయేవాళ్లు 1.2 గంటలు కలిపారు, 7 గంటలు నిద్రపోయేవాళ్లు 0.4 గంటలే కలిపారు.

ఒక్క కూడిక చేసి చూడండి. ఐదు గంటలవాడు 6.2 అంటాడు, ఏడు గంటలవాడు 7.4 అంటాడు. నిజంగా ఉన్న తేడా రెండు గంటలు. మీ ఎక్సెల్ షీట్‌లోకి వచ్చేది గంటా పన్నెండు నిమిషాలు. అంటే తేడాలో నలభై శాతం ప్రశ్న దగ్గరే కరిగిపోయింది. మనం సర్వే చేసేదే తేడాల కోసం: షిఫ్టు ఉద్యోగులకీ పగటి ఉద్యోగులకీ, పిల్లలున్నవాళ్లకీ లేనివాళ్లకీ. వెయ్యిన్నర మందిని అడిగినా, పదివేల మందిని అడిగినా ఈ కరుగుదల ఆగదు. వెయ్యి మంది దాటితే శాంపిల్ వల్ల వచ్చే తప్పు ప్లస్ ఆర్ మైనస్ 3 శాతం అని గొప్పగా రాసుకుంటామే, ఆ లెక్కకి ఈ తప్పు అసలు కనిపించదు. చేతి పరికరం చెప్పిందీ వేదవాక్కు కాదు, దాని సంగతి కిందికొస్తుంది. కానీ పద్ధతి ఎంచుకునేటప్పుడు తప్పు మొత్తం ఎంత అని చూసి వదిలేయకండి, ఎవరి దగ్గర ఎంత ఉందో చూడండి.

ఇప్పుడు పీఎస్‌క్యూఐ. 1989లో పిట్స్‌బర్గ్‌లో బైస్ బృందం తయారుచేసింది. 19 ప్రశ్నలు, 7 విభాగాలు, ఒక్కో విభాగానికి 0 నుంచి 3, మొత్తం 21. స్కోరు 5 దాటితే నిద్ర బాగోలేనట్టు. అందరూ వాడతారు కాబట్టి మీ ఫలితాన్ని వేరేవాళ్ల ఫలితంతో పోల్చుకోవచ్చు, గైడు కూడా అభ్యంతరం చెప్పడు. ఈ రెండో కారణానికే సగం మంది దీన్ని ఎంచుకుంటారని నా అనుమానం. నిద్ర ఎంత అని మాత్రమే కాకుండా ఎలా ఉంది, పట్టడానికి ఎంతసేపు పడుతోంది, మాత్రలు వేసుకుంటున్నారా, పగలు మగతగా ఉంటోందా అని కూడా అడుగుతుంది. అది నిజంగా మంచి గుణం. నిద్ర నాణ్యత గురించి మనిషి ఏమనుకుంటున్నాడో ఏ యంత్రమూ చెప్పలేదు.

దాని లోపం "గడిచిన నెల రోజుల్లో" అనే మాటలో ఉంది. నెల రోజుల నిద్ర ఎవరికి గుర్తుంటుంది? నిన్నటిదో మొన్నటిదో తలచుకుని, దాన్నే నెలంతటికీ పులిమేస్తాం. పైగా ఆ చిన్న ఊహలే స్కోరును కదిలిస్తాయి. రాత్రి 11కి పక్క మీదికి చేరి 6:30కి దిగే మనిషి ఏడున్నర గంటలు మంచం మీద ఉన్నట్టు. నిద్ర 6 గంటలని రాస్తే నిద్ర సామర్థ్యం (మంచం మీద ఉన్న సమయంలో నిద్ర వాటా) 80 శాతం, ఆ విభాగానికి 1 మార్కు. ఆరున్నర అని రాస్తే 86 దాటుతుంది, మార్కు సున్నా. అరగంట అటూ ఇటూ ఊహకి ఒక మార్కు మారితే, 5 దగ్గర గీత గీసి ఇటువాళ్లు మంచి, అటువాళ్లు చెడ్డ అని విడగొట్టడం నాకు మనసొప్పదు. గీత గీయకుండా స్కోరును స్కోరుగానే విశ్లేషించండి. ఇంకో చిట్కా: సామర్థ్యం 100 శాతం దాటిన ఫారాలు ఎన్నున్నాయో ముందు చూడండి. పదింటికి పడుకుని అయిదింటికి లేచి ఎనిమిది గంటలు నిద్రపోయే మహానుభావులు ప్రతి సర్వేలోనూ తగులుతారు.

వాళ్ల తప్పు కూడా పూర్తిగా కాదు, మన భాషలో ఒక తిరకాసుంది. తెలుగులో "పడుకోవడం" అంటే నడుం వాల్చడమూ అవుతుంది, నిద్రపోవడమూ అవుతుంది. "పిల్లాడు పడుకున్నాడు" అంటే ఏ అర్థం తీసుకుంటాం? "లేవడం" కూడా అంతే, మెలకువ రావడమా, మంచం దిగడమా? "మీరు ఎన్నింటికి పడుకుంటారు?" అని ఫారంలో అచ్చేస్తే సగంమంది లైటు ఆర్పిన టైము రాస్తారు, సగంమంది నిద్ర పట్టిన టైము రాస్తారు, ఇక నిద్ర సామర్థ్యం లెక్కకి అర్థం ఉండదు. పక్క మీదికి చేరింది ఎప్పుడు, నిద్రపోదామని కళ్లు మూసుకుంది ఎప్పుడు, నిద్ర పట్టడానికి ఎంతసేపు పట్టింది, చివరిసారి మెలకువ ఎప్పుడొచ్చింది, పక్క దిగింది ఎప్పుడు అని అయిదు ముక్కలుగా అడగాలి. ఫోన్ చూస్తూ దొర్లే గంటంతా మొదటి రెండు ప్రశ్నల మధ్యే దొరుకుతుంది. తర్జుమా ఫారం వాడేవాళ్లు ముందు పదిమందితో నింపించి, "ఈ ప్రశ్న మీకు ఏమని అర్థమైంది?" అని అడిగి చూడండి.

చేతి వాచీకి వద్దాం. అడిగేవాళ్లందరి కళ్లూ దీని మీదే. జ్ఞాపకంతో పనిలేదు, రాత్రంతా అదే రాసుకుంటుంది, వారాల తరబడి డేటా వస్తుంది. బ్రిటన్‌లో లక్షలమంది ఆరోగ్య వివరాలు సేకరించే యూకే బయోబ్యాంక్ 2013–15 మధ్య లక్షమందికి పైగా మనుషుల చేతులకి ఇలాంటి పరికరాలు వారం రోజులు కట్టింది. అందులో 60 వేల పైచిలుకు మంది డేటా విశ్లేషిస్తే, మరణ ప్రమాదాన్ని అంచనా వేయడంలో నిద్ర గంటల కంటే నిద్ర వేళల క్రమబద్ధత మెరుగ్గా పనిచేసిందని తేలింది. ఒక్క ప్రశ్నతో అలాంటి సంగతి ఎప్పటికీ బయటపడదు. ఆ మేరకు వాచీకి దణ్ణం పెట్టాల్సిందే.

కానీ అది ప్రధానంగా చూసేది కదలికని. కదలకుండా కళ్లు తెరుచుకుని పైకప్పు చూస్తూ పడుకున్నవాణ్ణి నిద్రపోతున్నాడనే రాసుకుంటుంది. నిద్రని నిద్రగా గుర్తించడంలో దిట్ట, మెలకువని మెలకువగా గుర్తించడంలో మొద్దు. మరి అలా మెలకువగా దొర్లేది ఎవరు? నిద్ర పట్టనివాళ్లే. అంటే మనం ఎవరి కోసం సర్వే చేస్తున్నామో సరిగ్గా వాళ్ల దగ్గరే దీని తప్పు పెరుగుతుంది. ఇందాకటి జబ్బే, వేరే వేషంలో. హృదయ స్పందన కూడా చూసే కొత్త మోడళ్లు కొంత నయం. కానీ లోపలి లెక్క కంపెనీ రహస్యం, సర్వే మధ్యలో అప్‌డేట్ వచ్చి ఆ లెక్క మారిపోతే మీరు చేయగలిగిందేమీ లేదు. ఇక సొంత వాచీ ఉన్నవాళ్ల డేటాయే తీసుకుంటామంటారా, అది వాచీ కొనుక్కున్నవాళ్ల నిద్ర అవుతుంది, జనం నిద్ర అవదు. వాచీ చూపించే గాఢనిద్ర శాతాలు రిపోర్టులోకి ఎక్కించవద్దని మాత్రం చేతులు జోడించి అడుగుతున్నాను.

నిద్ర ల్యాబ్ గురించి ఎక్కువ రాయను. మెదడు తరంగాలు, కంటి కదలికలు, కండరాల బిగువు, ముప్పై సెకన్లకో ముక్క చొప్పున లెక్క. జబ్బు కనిపెట్టడానికి దాన్ని మించింది లేదు. అలవాట్ల సర్వేకి పనికిరాదు, కొత్తచోట తలనిండా తీగలతో తొలిరాత్రి ఎవరికీ మామూలు నిద్ర పట్టదు. ఎప్‌వర్త్ స్కేలు ఎనిమిది ప్రశ్నల్లో పగటి మగతని కొలుస్తుంది, రాత్రి సంగతి దానికి పట్టదు. రోజులో ఏ పనికి ఎంతసేపు పోయిందో అడిగే టైమ్ యూజ్ సర్వేల్లో నిద్ర పట్టక దొర్లిన సమయం కూడా నిద్ర పద్దులోనే పడొచ్చు కాబట్టి గంటలు ఎక్కువగా కనిపిస్తాయి.

ఇక డైరీ. పొద్దున లేవగానే నిన్నటి రాత్రి గురించి రెండు నిమిషాల్లో నింపే ఫారం. 2012లో నిద్ర పరిశోధకులు కూర్చుని అందరికీ ఒకే నమూనా తయారుచేశారు, దాన్నే తీసుకోండి, సొంత పైత్యం వద్దు. నిద్ర సుఖమెరగదంటారు, అది గడియారాన్నీ ఎరగదు. నిన్న రాత్రి నిద్ర పట్టడానికి ఇరవై నిమిషాలు పట్టిందో నలభై పట్టిందో పొద్దున కూడా కచ్చితంగా చెప్పలేం. కాకపోతే నెల రోజుల మరుపు తోడవదు, "మామూలుగా" అనే మాట ఉండదు. నేను ఏడు గంటలు నిద్రపోతాననే చాలా ఏళ్లు నమ్మాను. రెండు వారాలు రాసుకున్నాక తెలిసింది, ఏడు గంటలు నిద్రపోయిన రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చని.

ఇంకో లాభం, పని రోజులూ సెలవు రోజులూ విడిపోతాయి. పని రోజుల్లో పన్నెండు నుంచి ఆరు, సెలవుల్లో ఒంటిగంటన్నర నుంచి తొమ్మిదిన్నర నిద్రపోయే మనిషిని అడిగితే "ఆరున్నర, ఏడు" అంటాడు. లెక్కకది దాదాపు సరైనదే. కానీ అతని నిద్ర నడిమి వేళ పని రోజుల్లో మూడు, సెలవుల్లో అయిదున్నర. వారానికోసారి గడియారం రెండున్నర గంటలు తేడాగా నడిచే దేశానికి వెళ్లొచ్చినట్టు. టిల్ రోనెబెర్గ్ బృందం దీనికే సోషల్ జెట్‌లాగ్ అని పేరు పెట్టింది.

డైరీ గొప్పలు చెప్పాను కాబట్టి మేము బోర్లాపడిన సంగతీ చెప్పాలి. మొదటి విడత కాగితం మీద చేశాం. తిరిగొచ్చిన ఫారాలు చూస్తే వారం రోజులూ ఒకే పెన్ను, ఒకే ఒరవడి, ప్రతి రోజూ 11:00, ప్రతి రోజూ 6:00. ఇచ్చేముందు ఆటోలో కూర్చుని నింపేశారని తెలుస్తూనే ఉంది. ఇది మాకే జరిగిన వింతేమీ కాదు. 2002లో ఆర్థర్ స్టోన్ బృందం దీర్ఘకాలపు నొప్పితో బాధపడేవాళ్లకి కాగితపు డైరీలిచ్చి, ఫైలు ఎప్పుడు తెరిచారో పట్టిచ్చే కాంతి సెన్సారు రహస్యంగా అందులో పెట్టింది. రోగులు సమయానికే నింపామని చూపించింది 90 శాతం. నిజంగా సమయానికి నింపింది 11 శాతం. అదే ఎలక్ట్రానిక్ డైరీ ఇచ్చినవాళ్లలో 94 శాతం. ఆ పేపరు ముందే చదివి ఉంటే మాకు నెల రోజులు మిగిలేవి.

రెండో విడత ఫోన్‌లో పెట్టాం. పొద్దున లింకు వెళుతుంది, మధ్యాహ్నం పన్నెండుకి మూసుకుపోతుంది, నింపిన టైము దానంతటదే నమోదవుతుంది. తప్పిపోయిన రోజు తప్పిపోయినట్టే ఖాళీగా ఉంటుంది, కల్పించిన అంకె కంటే ఖాళీ నాకు ముద్దు. పద్నాలుగు రోజులు చేయండి, రెండు వారాంతాలు దొరుకుతాయి. ఫలితాలు రాసేటప్పుడు ఒక జాగ్రత్త: 40 మంది పద్నాలుగు రాత్రులు రాస్తే 560 వరసలు వస్తాయి, కానీ మీ దగ్గరున్నది 40 మందే. ఒక్కొక్కరికీ సగటు తీసి 40తో లెక్కచేయండి, లేదా ఒకే మనిషి రాత్రుల్ని ఒక గుంపుగా లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ వాడండి. 560ని శాంపిల్ సైజుగా రాసి, పీ విలువ చూసి మురిసిపోయిన థీసిసులు నా కంటబడ్డాయి.

మీకు ఒక్క మధ్యాహ్నమే సమయం ఉండి, వందలమందిని పట్టాలంటే పీఎస్‌క్యూఐకే వెళ్లండి, వేరే దారి లేదు. కాస్త వీలుంటే అందరికీ పీఎస్‌క్యూఐ ఇచ్చి, అందులోంచి లాటరీ తీసి కొందరితో డైరీ రాయించండి. నోటి మాటకీ డైరీకీ మధ్య తేడా మీ జనంలో ఎవరి దగ్గర ఎంత ఉందో దానితో తెలుస్తుంది. ఎవరు ఇష్టపడితే వాళ్లతో రాయిస్తే లాభం లేదు, లాటరీయే తీయాలి.

మా ఫారంలో చివరిదాకా పట్టుకోని తప్పు ఇంకొకటుంది. "నిన్న రాత్రి" అని అడిగాం. రాత్రి డ్యూటీ చేసేవాళ్లు ముగ్గురు, నాలుగు రోజులపాటు సున్నా అని రాసి, అయిదో రోజు రాయడం మానేశారు. ఇప్పుడది "గడిచిన 24 గంటల్లో మీరు అన్నిటికంటే ఎక్కువసేపు పోయిన నిద్ర" అని మార్చాం, మధ్యలో తీసిన కునుకులకి కింద వేరే గడి పెట్టాం.