కళ్లకు గంతలు కట్టి కేబుల్ అమ్ముతున్నారు, జాగ్రత్త

స్పీకర్ కేబుళ్లు కొనబోతున్న వాళ్లకు ఒక హెచ్చరిక. "మా మాట నమ్మొద్దు సార్, బ్లైండ్ టెస్ట్ చేసి చూపిస్తాం, మీ చెవులే చెప్తాయి" అని షోరూమ్‌లో ఎవరైనా అంటే వెంటనే కార్డు తీయకండి. నాకు సరిగ్గా అలాగే చూపించి ఖరీదైన కేబుల్ అంటగట్టారు. వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు. డబ్బు పోయిందన్న బాధ ఉంది. కానీ నిజాయితీగా చేస్తే కొనేవాళ్లను కాపాడే పరీక్షను, కొనేవాళ్ల మీదే వాడటం నాకు అంతకన్నా ఎక్కువ కోపం తెప్పించింది.

సోఫాలో కూర్చోబెట్టి కళ్లకు గుడ్డ కట్టారు. సేల్స్ అతనే వెనక్కి వెళ్లి వైర్లు మార్చాడు, అతనే పాట పెట్టాడు. మామూలు వైరు ప్రతిసారీ ముందు, ఖరీదైనది ప్రతిసారీ తర్వాత. రెండోది మొదలవగానే "ఇప్పుడు గాయని గొంతు గమనించండి సార్" అని అతని గొంతులోనే ఉత్సాహం వినిపించేది. మధ్యలో వైరు విప్పి బిగించడానికి చాలాసేపు పట్టేది. చిన్న చిన్న శబ్ద వివరాలు మన జ్ఞాపకంలో కొన్ని సెకన్లకు మించి నిలవవు. అంత విరామం తర్వాత మనం పోల్చేది శబ్దాన్ని కాదు, దాని గురించి మనకు కలిగిన అభిప్రాయాన్ని.

కళ్లు మూసినంత మాత్రాన అది బ్లైండ్ టెస్ట్ అయిపోదు. వైరు మార్చే మనిషికి ఏది ఏదో తెలిసి, అతను మన పక్కనే మాట్లాడుతూ ఉంటే ఆ సంగతి మనకూ చేరిపోతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పెద్ద పేరు. జవాబు ఎంతో అన్నిసార్లు డెక్కతో నేలను తట్టేది. 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు పరీక్షించి తేల్చింది ఏమిటంటే, అడిగేవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియడం లేదు. అడిగేవాళ్ల ఒంట్లో వాళ్లకే తెలియకుండా వచ్చే చిన్న కదలికను చూసి అది తట్టడం ఆపేది. అక్కడ ఎవరికీ మోసం చేయాలన్న ఆలోచన లేదు, అయినా అలా జరిగింది. షోరూమ్‌లో అయితే అమ్మాలన్న ఆత్రం కూడా తోడవుతుంది. అందుకే శాస్త్రీయ పరీక్షల్లో వినేవాళ్లకే కాదు, నడిపేవాళ్లకూ ఏది ఏదో తెలియనివ్వరు. డబుల్ బ్లైండ్ అంటే అదే.

"నా చెవి నన్ను మోసం చేయదు" అనేవాళ్లు 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఆడియో పరిశోధకులు స్పీకర్లతో చేసిన ప్రయోగం గురించి తెలుసుకోవాలి. స్పీకర్లను చూస్తూ విన్నప్పుడు ఇచ్చిన మార్కులు, చూడకుండా విన్నప్పుడు మారిపోయాయి. అనుభవం ఉన్న శ్రోతలూ దీన్నుంచి తప్పించుకోలేదు.

నా విషయంలో అసలు కిటుకు వేరే చోట ఉంది. డెమోలో వాడిన మామూలు వైరును కూడా అడిగి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి చివర ఒలిచి చూస్తే, లోపల జుట్టు పోగుల్లా కాస్త రాగి. అటూ ఇటూగా 24 గేజ్, అంటే 0.2 చదరపు మిల్లీమీటర్లు. అలాంటి వైరుకు మీటరుకు దాదాపు 0.084 ఓంల నిరోధం ఉంటుంది. యాంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కు 5 మీటర్లయితే పోనూ రానూ 10 మీటర్లు, అంటే 0.84 ఓం. 8 ఓంల స్పీకర్‌కు దీనివల్ల శబ్దం సుమారు 0.9 డెసిబెల్ (శబ్ద స్థాయిని కొలిచే ప్రమాణం) తగ్గిపోతుంది. పైగా స్పీకర్ ఇంపెడెన్స్, అంటే కరెంటుకు అది చూపే అడ్డు, అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉండదు. అది 4 ఓంలకు దిగిన చోట తగ్గుదల 1.7 డెసిబెల్ దాకా వెళ్తుంది. అంటే వాల్యూమే కాదు, టోన్ కూడా కాస్త మారుతుంది. అదే దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి వైరు వేస్తే 8 ఓంల స్పీకర్‌కు తగ్గేది 0.1 డెసిబెల్ కూడా ఉండదు.

ఒక డెసిబెల్ కన్నా తక్కువ తేడా ఉంటే మనకు "వాల్యూమ్ పెరిగింది" అనిపించదు. "గొంతు స్పష్టంగా ఉంది, బేస్ నిండుగా ఉంది" అనిపిస్తుంది. షోరూమ్‌లో నేను విన్నది అదే. అది నిజమైన తేడానే, కాకపోతే ఆ ఖరీదైన కేబుల్ గొప్పతనం కాదు, పక్కన పెట్టిన వైరు నాసిరకం.

తర్వాత ఒక స్నేహితుడి సాయంతో ఇంట్లో సరిగ్గా చేశాం. టెస్ట్ టోన్ పెట్టి స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో వోల్టేజ్ చూశాం. రెండింటి మధ్య తేడా 1 శాతం లోపు ఉంటే అది 0.1 డెసిబెల్ లోపే. వరుసను నాణెం ఎగరేసి నిర్ణయించాం. మార్చినవాడు గదిలోంచి వెళ్లిపోయాక, ఏ వైరు ఉందో తెలియని ఇంకొకరు పాట పెట్టారు. వాల్యూమ్ సరిచేయకముందు సన్న వైరును ఇట్టే పట్టేశాను. ఖరీదైన కేబుల్‌నూ, 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు వైరునూ పోల్చినప్పుడు మాత్రం సగం సరి, సగం తప్పు. గుడ్డిగా ఊహించినా అంతే వస్తుంది.

ఇలా చెప్పగానే "పరీక్ష అంటే టెన్షన్, ఆ టెన్షన్‌లో సూక్ష్మమైన తేడాలు వినిపించవు" అంటారు. అదే టెన్షన్‌లో అదే చెవులు సన్న వైరును పట్టుకున్నాయి కదా! ఏబీఎక్స్ పరీక్షలో (ఏ, బీ రెండూ విని, ఎక్స్ వాటిలో ఏదో చెప్పే పరీక్ష) తొందరేమీ లేదు, ఎంతసేపైనా, ఎన్నిసార్లైనా విని జవాబు చెప్పొచ్చు. నేను పట్టుకోలేకపోతే లోకంలో ఎవరూ పట్టుకోలేరని కూడా నేననను. తేడా ఉందని డబ్బు అడిగేవాళ్లే దాన్ని చూపించాలి, అంతే.

కేబుళ్లన్నీ ఒకటేనని కూడా అనుకోవద్దు. రికార్డులు పాడించే టర్న్‌టేబుల్‌లో మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకునే భాగంలో ఒక రకం) ఉంటే కేబుల్ కెపాసిటెన్స్, అంటే అది విద్యుదావేశాన్ని నిలవ చేసుకునే గుణం, పై స్వరాల మీద ప్రభావం చూపుతుంది. బయటి విద్యుత్ అలజడిని ఆపే షీల్డింగ్ సరిగ్గా లేకపోతే హమ్ (గుయ్‌మనే శబ్దం) వస్తుంది. ఇవి కొలతలో కనిపిస్తాయి, బ్లైండ్ టెస్ట్‌లోనూ దొరుకుతాయి.

షోరూమ్‌లో అడగాల్సినవి అడగండి. పక్కన పెట్టిన వైరు ఎంత మందం? మార్చేది ఎవరు, అతను ఎక్కడ నిలబడతాడు? వాల్యూమ్ సమానం చేశారా, దేనితో కొలిచారు? ఎన్నిసార్లు మార్చి వినిపిస్తారు? మూడుకి మూడు సరిగ్గా చెప్పారంటే పొంగిపోకండి, ఊహించి చెప్పినా 8 మందిలో ఒకరికి అది వస్తుంది. 16 సార్లు చేస్తే కనీసం 12 సరి కావాలి. ఊహతో అంత రావడానికి అవకాశం సుమారు 4 శాతమే.

చివరగా రిటర్న్ సంగతి. తేడా లేదని ఫోన్ చేస్తే "బర్న్-ఇన్ కావాలి సార్, 200 గంటలు వాడండి" అన్నారు. అంటే కొంతకాలం వాడితే గానీ కేబుల్ అసలు శబ్దం రాదని వాళ్ల వాదన. రోజుకు 2 గంటలు వింటే అది 100 రోజులు. రిటర్న్ గడువు అంతకన్నా ఎంతో ముందే అయిపోయింది, తర్వాత గడువు దాటిందన్నారు. ఇప్పటికే కొన్నవాళ్లు ఉంటే బర్న్-ఇన్ మాట విని ఆగొద్దు. కేబుల్ చివరలు కోయకండి, ప్యాకింగ్ పారేయకండి, బర్న్-ఇన్ గురించి వాళ్లు చెప్పేది మెసేజ్‌లో రాయించుకోండి. పరీక్ష గడువు లోపలే, మీ ఇంట్లో, మీ స్పీకర్లతో చేసుకోండి.