ట్యాక్స్ ఆఫీసులో బిట్‌వార్డెన్ వాడి చూస్తే

కర్నూలులో మాలాంటి ట్యాక్స్ కన్సల్టెంట్ల దగ్గర సొంత పాస్‌వర్డులకన్నా ఊళ్లోవాళ్లవే ఎక్కువ. ఇన్‌కమ్ ట్యాక్స్, జీఎస్టీ, ఈ-వే బిల్లు, పీఎఫ్... ఒక్కో పార్టీకి, అంటే మా క్లయింటుకు, నాలుగైదు లాగిన్లు. మంత్రాలయం దగ్గరే కదా, అందులో సగం రాఘవేంద్ర@123. మిగతావి షాపు పేరు, దాని వెనక సెల్ నంబరు. అన్నీ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసి టేబుల్ మీదే పెట్టేవాళ్లం. టీ తెచ్చే అబ్బాయి తిరగేసినా అడిగేవాళ్లు లేరు.

ఇప్పుడు ఆ నోట్‌బుక్ బదులు బిట్‌వార్డెన్, పాస్‌వర్డులు దాచిపెట్టే యాప్. ఫ్రీ ప్లాన్‌లోనే ఎన్ని పాస్‌వర్డులైనా దాచుకోవచ్చు, ఫోన్లోనూ కంప్యూటర్లోనూ వాడుకోవచ్చు. కొత్త పాస్‌వర్డు అదే తయారుచేస్తుంది, ఒక్కో సైటుకు ఒక్కోటి, నోరు తిరగనంత పొడవుగా. ఇది అవసరమే. 2020లో ఆన్‌లైన్ కిరాణా బిగ్‌బాస్కెట్ నుంచి దాదాపు 2 కోట్లమంది వివరాలు బయటపడ్డాయి. ఒకచోట దొరికిన ఈమెయిలు, పాస్‌వర్డు పట్టుకుని దొంగలు మిగతా సైట్లన్నీ తట్టి చూస్తారు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఆటోఫిల్. సైటు అడ్రసు సరిగ్గా కలిస్తేనే పాస్‌వర్డు అదే నింపుతుంది. ఆదోనిలో జిన్నింగ్ మిల్లు ఉన్న ఒకాయన "సార్, రీఫండ్ వచ్చిందంట, చూడండి" అని వాట్సాప్‌లో లింకు పంపాడు. తెరిస్తే అదే లోగో, అవే రంగులు, క్యాప్చాతో సహా. బిట్‌వార్డెన్ మాత్రం ఈ సైటుకు లాగిన్ ఏమీ లేదంది. అడ్రస్ బార్ చూస్తే స్పెల్లింగులో ఒక అక్షరం తేడా. మార్చి నెలాఖరు హడావుడిలో నా కళ్లకు అది ఆనేది కాదు.

అన్నీ ఒకేచోట పెడితే అదే పోతే ఎట్లా అని మా అసిస్టెంట్ అడిగాడు. న్యాయమైన భయమే. 2022లో ఇలాంటిదే అయిన లాస్ట్‌పాస్ కస్టమర్ల వాల్టుల (పాస్‌వర్డులు దాచే పెట్టెల) కాపీలే దొంగల చేతికి పోయాయి. పాస్‌వర్డులు ఎన్‌క్రిప్షన్‌లో, అంటే తాళం వేసిన రాతలో ఉన్నాయి గానీ సైట్ల అడ్రసులు మామూలుగానే కనిపిస్తాయి. వాల్టు మొత్తాన్ని తెరిచే మాస్టర్ పాస్‌వర్డు తేలికైనదైతే తీరుబడిగా కూర్చుని ఊహించొచ్చు. అందుకే నాది పొంతనలేని ఐదు తెలుగు మాటలు, ఒక్కటీ దేవుడి పేరు కాదు. మరిచిపోతే కంపెనీ కూడా చెప్పలేదు కాబట్టి కాగితం మీద రాసి బ్యాంకు లాకర్లో పెట్టాను. పాస్‌వర్డు తర్వాత ఇంకో కోడ్ అడిగే టూ-స్టెప్ లాగిన్ కూడా ఆన్ చేశాను.

చిరాకులు లేకపోలేదు. ఒక బ్యాంకు సైటు పాస్‌వర్డు పేస్ట్ చేయనివ్వదు, ఆ పొడుగాటిది చూసి చూసి కొట్టాలి. ఓటీపీ ఎటూ పార్టీ ఫోనుకే పోతుంది. ఆయన మార్కెట్ యార్డులో ఉల్లి వేలంలో ఉంటే ఆఖరి తేదీ అయినా ఫోనెత్తడు. ఫ్రీలో పంచుకోవడం ఇద్దరికే. ఇంకో అసిస్టెంటును పెట్టుకుంటే పెయిడ్ ప్లాన్‌కు మారతాను.