టెన్నిస్ ఎల్బోకి ఆపరేషన్ డేట్ తీసుకున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

నేను జన్మలో టెన్నిస్ ఆడలేదు. రోజంతా మౌస్ పట్టుకునే ఉద్యోగం, దానికి తోడు ఇల్లు మారుతూ నాలుగు రోజులు అట్టపెట్టెలు మోశాను, అంతే, కుడి మోచేయి బయటివైపు ఎముక దగ్గర నొప్పి పట్టుకుంది, దీన్నే టెన్నిస్ ఎల్బో అంటారట. కప్పు ఎత్తాలన్నా తడి గుడ్డ పిండాలన్నా ప్రాణం పోయేది. ఐదో నెలలోనే ఆపరేషన్ చేయించేసుకున్నాను. తొందరపడింది నేనే, కాదనను. కానీ తొందరపెట్టింది ఆసుపత్రివాళ్లు.

వెళ్లిన మొదటిరోజే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేశారు. మూడు రోజుల్లో నొప్పి మాయం, ఆ డాక్టర్‌ని దేవుడనుకున్నాను. ఆరు వారాలు తిరిగేసరికి మళ్లీ మొదలు, ఈసారి ఇంకా ఎక్కువ. ఇంకో ఇంజెక్షన్, మళ్లీ అదే కథ. అప్పుడు "ఇక వీటితో లాభం లేదండీ, చిన్న కీహోల్ ఆపరేషన్, అదే రోజు ఇంటికెళ్లిపోవచ్చు, రెండు వారాల్లో మామూలైపోతారు" అని ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. స్టెరాయిడ్ వేయించుకున్నవాళ్లకి మొదట హాయిగా ఉన్నా, ఏడాది తర్వాత చూస్తే ఉత్తుత్తి ఇంజెక్షన్ వేసినవాళ్లకన్నా వీళ్లకే నొప్పి ఎక్కువగా తిరగబెట్టిందని 2013లోనే ఒక ట్రయల్ తేల్చిందట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

అసలు ఇది వాపు జబ్బు కాదు. మణికట్టుని పైకి లేపే కండరం ఒకటి మోచేతి ఎముకకి అతుక్కునే చోట ఉండే తాడులాంటి టెండన్ పాడై, సరిగ్గా మానకుండా ఉండిపోతుంది. ఆ కండరాన్నే డాక్టర్లు ఈసీఆర్‌బీ అంటారు. ఆ పాడైన భాగాన్ని తీసేయడమో, టెండన్‌ని ఎముక దగ్గర విడదీయడమో, ఆపరేషన్ అంటే అంతే. కోసి చేసినా, కెమెరా పెట్టి కీహోల్‌గా చేసినా, చర్మం మీద చిన్న గాటుతో చేసినా చివరికి వచ్చే ఫలితంలో పెద్ద తేడా కనిపించలేదు. నేను మాత్రం కీహోల్ అన్న ఒక్క మాటకి పడిపోయి ఎక్కువ కట్టాను. మధ్యలో పీఆర్‌పీ అని రక్తం తీసి తిప్పి ఎక్కించే ఇంకో ప్యాకేజీ కూడా చూపించారు, దాంతో ఒరిగేదేమీ ఉండకపోవచ్చని వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే కాక్రేన్ అనే సంస్థ 2021 సమీక్ష చెప్తోంది, అది తీసుకోకపోవడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని.

ఇంకో సంగతి విని చాలాసేపు నోట మాట రాలేదు. 2018లో అచ్చయిన ఒక ట్రయల్‌లో 26 మందిని రెండు సగాలు చేసి, సగం మందికి నిజం ఆపరేషన్ చేశారు, మిగతా సగానికి చర్మం కోసి టెండన్ దాకా వెళ్లి ఏమీ తీయకుండా కుట్లు వేసేశారు. ఆరు నెలల తర్వాత చూస్తే ఇద్దరికీ ఒకేలా తగ్గింది! చిన్న ట్రయలే, దాన్నిబట్టి ఆపరేషన్ దండగ అని నేననను, ఏడాది పాటు అన్నీ చేసినా తగ్గక చివరికి ఆపరేషన్‌తో బాగుపడినవాళ్లున్నారు. కానీ పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఏడాది, ఏడాదిన్నరలో కత్తి పడకుండానే తగ్గే జబ్బుకి ఐదో నెలలో ఎందుకు కోశారు? కనీసం ఆరు నెలల నుంచి ఏడాది సరైన వ్యాయామం చేశాకే ఆ మాట ఎత్తాలి. నాకు చేయించిన ఫిజియో ఏంటంటే ఆరు రోజులు మెషీన్ పెట్టి కూర్చోబెట్టడం. చిన్న బరువు పట్టుకుని మణికట్టుని మెల్లగా కిందికి దించే వ్యాయామం, వారాల తరబడి చేయాల్సింది, దాని పేరే వినలేదు నేను.

రెండు వారాలన్నారు కదా, రెండో వారానికి బ్రష్ కూడా ఎడంచేత్తోనే. పట్టు కాస్త వచ్చేసరికి ఐదు నెలలు పట్టింది, నొప్పి మాత్రం సగం అలాగే ఉండిపోయింది. వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన ఎముక మీద నొక్కారు, పెద్దగా ఏమీ లేదు. అక్కడి నుంచి మూడు నాలుగు సెంటీమీటర్లు కిందికి జరిగి కండరంలోకి వేలు పెట్టి నొక్కేసరికి కుర్చీలోంచి లేచిపోయాను. అక్కడ రేడియల్ నరం నొక్కుకుపోతోందట, టెన్నిస్ ఎల్బోలాగే అనిపిస్తుందట, ఒక్కోసారి రెండూ కలిసే ఉంటాయట. నరం నొప్పికి టెండన్ కోస్తే ఎలా తగ్గుతుంది? మొదటి చోట ఒక్కసారి కూడా అక్కడ నొక్కి చూడలేదు, ఎమ్మారై చూసి డేట్ ఇచ్చేశారు. అందుకే మీ డాక్టర్‌ని సూటిగా అడగండి, నరం సంగతి చూశారా అని. ఆపరేషన్‌లో పక్కనున్న లిగమెంట్‌కి, అంటే ఎముకల్ని కలిపి పట్టే కట్టుకి, దెబ్బ తగిలితే మోచేయి వదులైపోతుంది కదా, అలాంటివి ఎన్ని చూశారు అని కూడా అడగండి. చిరాకు పడితే లేచి వచ్చేయండి, ఇదేం ప్రాణం మీదికొచ్చే ఎమర్జెన్సీ కాదు.

మొన్న ఆ ఆసుపత్రికెళ్లి డిశ్చార్జ్ కాగితం అడిగి తెచ్చుకున్నాను. "పేషెంటుకు నొప్పి లేదు" అని రాసుంది. రాసిన టైమ్ చూస్తే, మత్తింకా దిగక నా చెయ్యి మొద్దులా వేలాడుతున్నప్పటిది.