సరస్సు కనిపించే గది

ఇరవై ఏళ్లుగా తిరుపతిలో ఉంటున్నా, సముద్రగాలి అనగానే నాకు చెన్నై మెరీనాయే గుర్తొచ్చేది. 2022 ఏప్రిల్‌లో కొత్తగా తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు పులికాట్ సరస్సు తీరం మన లెక్కలోకి వచ్చిందని గుర్తు చేసింది మా అత్తయ్య. ఆవిడకు సూళ్లూరుపేట చెంగాళమ్మ దర్శనం కావాలి, నాకు ఫ్లెమింగోల ఫొటోలు కావాలి, మా ఆయనకు ఆదివారం నిద్ర కావాలి. మొదటి రెండూ నెరవేరాయి.

తెల్లవారు వెలుగు దక్కాలని శనివారం రాత్రే సూళ్లూరుపేటలో ఒక లాడ్జిలో దిగాం. తప్పంతా అక్కడే జరిగింది. మామూలు గది 1,300, ‘సరస్సు కనిపించే గది’ 1,800 అని ఫోనులో చూసి, ఆ కిటికీ కోసమే 500 ఎక్కువ పెట్టాను. ఊరికీ సరస్సుకూ ఎంత దూరమో తెలిసినవాళ్లు ఈపాటికే నవ్వుకుంటూ ఉంటారు. తెర తీస్తే పక్క మేడ మీద రెండు నల్లటి నీళ్ల ట్యాంకులు. అందులో ఒకదాని మూత గాలికి రాత్రంతా టపటపా కొట్టుకుంది.

కింద కుర్రాణ్ణి నిలదీస్తే, “మేడ మీదికి వెళ్తే కనిపిస్తుంది మేడం” అన్నాడు. మేడ తలుపుకు తాళం. తాళంచెవి యజమాని దగ్గర, యజమాని నాయుడుపేటలో. అత్తయ్యకు అదనపు పరుపు 300. వేడినీళ్లు బకెట్ 40 చొప్పున ముగ్గురికీ 120. మొత్తం 2,220 రూపాయలు. తువ్వాళ్లు మూడు అడిగితే ఒకటి ఇచ్చి, మిగతావి పొద్దున ఇస్తానన్నాడు. ఇవ్వలేదు. “సరస్సు ఏ వైపునో అడిగావా అమ్మాయ్, డబ్బు కట్టే ముందు?” అని అత్తయ్య. దానికి నా దగ్గర జవాబు లేదు.

నా మాట విని ఎవరూ అక్కడ రాత్రి ఉండకండి. తిరుపతి నుంచి కారులో రెండు గంటలు చాలు, తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే సరిపోతుంది.

మాకు మర్నాడు పొద్దున ఐదింటికి దర్శనం ప్రశాంతంగా అయింది. అక్కడి నుంచి శ్రీహరికోట వైపు సరస్సును చీల్చుకుంటూ పోయే రోడ్డెక్కాం. అటూ ఇటూ నీళ్లే. షార్ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం) ఉద్యోగుల బస్సు దూసుకుపోయినప్పుడల్లా ఆ ఊపుకు కెమెరా త్రిపాదితో పాటు నేనూ ఊగాను. అందుకే అత్తయ్య కొబ్బరికాయల సంచి తీసుకుని త్రిపాది మధ్య కొక్కేనికి తగిలించాను. సంచి అడుగు నేలకు ఆనేలా కట్టాలి, లేకపోతే అదే గంటలా ఊగి బొమ్మ చెడగొడుతుంది.

ఫ్లెమింగోలు వందల్లో ఉన్నాయి. అన్నీ ఈశాన్యానికే ముఖం పెట్టి, ఒంటికాలి మీద, మెడ వీపులోకి దూర్చి నిలబడ్డాయి. గాలి తెర వచ్చినప్పుడు వీపు మీది ఈకలు మాత్రం చిన్నగా లేచి మళ్లీ అణిగేవి. ఎగరాలంటే నీటి మీద నాలుగడుగులు పరుగెత్తాలి, అదీ గాలికి ఎదురుగానే. చిక్కు అక్కడే వచ్చింది. రోడ్డుకు ఉత్తరాన ఉన్న గుంపు మీద ఎండ బంగారంలా పడుతోంది, కానీ లేచిన ప్రతి పక్షీ నాకు తోకే చూపించింది. దక్షిణాన ఉన్నవి నావైపు ఎగిరొస్తున్నాయి, కానీ పొద్దున సూర్యుడు వాటి వెనకాలే. మా ఆయన చప్పట్లు కొట్టి లేపుతానన్నాడు. కారులో పడుకోమన్నాను. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు వెళ్లి పడుకున్నాడు.

గంటలో లెన్సు ముందు ఫిల్టరు మీద ఉప్పు తెల్లగా పొక్కులు కట్టింది. అత్తయ్య ప్రేమగా చీర కొంగు పట్టుకుని వచ్చింది. “వద్దత్తయ్యా!” అని అరిచేశాను. ఉప్పును పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు మంచినీటి చుక్కలు వేసి కరిగించాలి. అరిచినందుకు ఆవిడ పదకొండు దాకా నాతో మాట్లాడలేదు.

మళ్లీ మాట్లాడించింది భోజనం. సూళ్లూరుపేటలో బోర్డు కూడా లేని ఒక మెస్సు, నాలుగే బల్లలు. భోజనం 110, పీతల పులుసు 160. పీత డెక్కను రోకలితో ఒక దెబ్బ కొట్టి పులుసులో వేశారు, చింతపండు లోపలి కండ దాకా దిగింది. అత్తయ్య శాకాహారానికే పరిమితమై, ఊరమిరపకాయలతో పెరుగన్నం రెండుసార్లు పెట్టించుకుంది. వడ్డించే ఆవిడ రెండోసారికి డబ్బు తీసుకోలేదు. ముగ్గురికీ కలిపి 490 అయింది. లాడ్జి కిటికీ ఖరీదు కంటే పది రూపాయలు తక్కువ.

నేలపట్టు పక్షుల కేంద్రానికి కూడా వెళ్లాం. నీళ్లలో పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) నిండుగా ఉన్నాయి, గాలి తక్కువ, నడక హాయిగా ఉంది. మూడున్నరకు మళ్లీ సరస్సు రోడ్డు మీదికి వచ్చేసరికి సూర్యుడు పడమటికి వాలాడు. దక్షిణపు గుంపు మీద ఇప్పుడు పక్క వెలుగు. పైన గద్ద ఒకటి తిరిగితే గుంపంతా ఒక్కసారి లేచింది. తెల్లటి ఒళ్ల కింద ఎర్రటి రెక్కలు, వాటికి నల్లటి అంచులు, నేరుగా నా తల మీదికి. తీసిన 640 ఫొటోల్లో నిలబడ్డవి తొమ్మిది. ఆ తొమ్మిదిలో ఏడు ఆ అర నిమిషానివే.

శ్రీకాళహస్తి దాటుతుంటే ఫోను మోగింది. లాడ్జి కుర్రాడు. “మేడం, మీ గదిలో మూడు తువ్వాళ్లకు ఒకటే ఉంది. మిగతా రెంటికి 300 పంపించండి.”

నేను నోరు తెరిచేలోపు అత్తయ్య ఫోను లాక్కుంది.