మూడు పెట్టెలు మార్చాక: తిరుపతిలో బాల్ పైథాన్‌తో నాలుగున్నరేళ్లు

మా ఇంట్లో ఉన్నది ఆడ బాల్ పైథాన్, అంటే ఆఫ్రికాకు చెందిన పొట్టి జాతి కొండచిలువ. 2021లో కాగితాలతో సహా తెచ్చుకున్నప్పుడు అడుగున్నర పొడవు ఉండేది, రెండు చేతుల్లో ఉండ చుట్టుకుని కూర్చునేది. ఇప్పుడు మూడడుగుల పది అంగుళాలు. ఈ నాలుగున్నరేళ్లలో మూడు పెట్టెలు వాడాను. ముందే చెప్పేస్తున్నా, మధ్యలో కొన్నది పూర్తిగా దండగ.

మొదటిది మూత ఉన్న నలభై లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, 450 రూపాయలు. సోల్డరింగ్ రాడ్‌తో పక్కలకు బెజ్జాలు వేశాను. చూడ్డానికి ఏమీ బాగుండదు. మా అమ్మ అయితే "బియ్యం డబ్బాలో పామేందిరా" అని నెలరోజులు సాధించింది. కానీ పిల్ల పాముకు అదే సుఖం. నాలుగు వైపులా మసక, తల దాచుకోవడానికి చోటు, లోపలి తేమ బయటికి పోదు. ఏడాదిన్నర పాటు ఒక్క మేత కూడా తప్పలేదు. ఇబ్బంది వచ్చింది మూతతోనే. ఒక రాత్రి క్లిప్పు సరిగ్గా పడలేదు, అది ముక్కుతో ఎత్తి బయటపడింది. తెల్లవారుజామున ఫ్రిజ్ వెనక వెచ్చగా ఉన్న కంప్రెసర్‌ను కరుచుకుని దొరికింది. ఆ మర్నాటి నుంచి మూత మీద రెండు ఇటుకలు.

రెండోది రెండడుగుల గాజు ట్యాంకు, 2,800. "ఇది జీవితాంతం చాలు సార్" అన్నాడు అమ్మినాయన. ఏడాది కూడా చాలలేదు. పైన జాలీ ఉండటంతో తేమ అంతా ఎగిరిపోయి, కుబుసం ఒక్క ముక్కగా రాక పెంకులు పెంకులుగా ఊడేది. సగం జాలీకి ఫాయిల్ అతికిస్తే కొంత నయం. అసలు సంగతి డిసెంబర్‌లో తెలిసింది. రాత్రి గది 21 డిగ్రీలు. హీటర్ వేసి ఒక కొసలో 32 వచ్చేలా పెడితే రెండో కొస కూడా 29కి పోయింది. పాము తన ఒంటి వేడిని తానే సర్దుకోవాలి, అందుకు ఒక వైపు వెచ్చగా, ఒక వైపు 25, 26 దగ్గర ఉండాలి. రెండడుగుల్లో ఆ తేడా తేవడం నా వల్ల కాలేదు. పైగా అది రాత్రంతా జాలీకి ముక్కు రాస్తూ తిరిగేది. ఒకరోజు టార్చి వేసి చూస్తే ముక్కు మీది పొలుసు లేచి ఎర్రగా కనిపించింది. ఆ రోజే కొత్త పెట్టె చేయించాలని తేల్చుకున్నాను.

కొలత దగ్గర నేనొక తప్పు చేశాను. విడిచిన కుబుసాన్ని టేపుతో కొలిచి, నాలుగడుగులు అయిపోయింది అనుకుని కంగారుపడ్డాను. కుబుసం ఊడేటప్పుడు సాగుతుంది, అసలు పొడవు కన్నా బాగా ఎక్కువ చూపిస్తుంది. పాము మెల్లగా పాకుతున్నప్పుడు వీపు వెంబడి దారం పరిచి, ఆ దారాన్ని కొలిస్తే మూడడుగుల రెండు అంగుళాలే. అయినా పెట్టెకు ఇవాళ్టి పొడవు లెక్క కాదు, ఎదిగాక ఎంత అవుతుందన్నదే లెక్క. ఆడవి మూడు నుంచి ఐదడుగులు అవుతాయి, మగవి అంతకన్నా పొట్టి. ఒళ్లు చాచి పడుకునేంత పొడవు పెట్టెకు ఉండాలి.

కొర్లగుంటలో వడ్రంగి దగ్గర నాలుగడుగుల పొడవు, రెండడుగుల లోతు, అడుగున్నర ఎత్తుతో చేయించాను. ప్లైవుడ్ తడికి ఉబ్బుతుందని డబ్ల్యూపీసీ బోర్డు (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) పెట్టమన్నాను. ముందు వైపు జరిపే గాజు తలుపులు, షోకేస్ తాళం. మొత్తం 11,500. ఆయన గాలి బెజ్జాల దగ్గర ఆగి "కోళ్లగూడు మాదిరేనా సార్?" అన్నాడు. చల్లటి కొసన కింద, వెచ్చటి కొసన పైన పెట్టమని, పెన్సిల్ కన్నా లావు వద్దని చెప్పాను. లోపల ఏముంటుందో చెప్పాక గమ్ ఆరేలోపు మూడుసార్లు టీకి వెళ్లొచ్చాడు. పెట్టె మా మెట్ల మలుపు తిరగలేదు, విప్పి పైకి మోసి మళ్లీ బిగించాల్సి వచ్చింది. అమ్మ చూసి "దానికి ఇల్లు కట్టిస్తాండావా?" అంది.

పెద్ద పెట్టెలోకి మారాక ఐదు వారాలు తినలేదు. టెన్షన్‌తో వారం వారం వంటింటి త్రాసు మీద తూచాను (ఆ త్రాసు ఇప్పుడు దానిదే, అమ్మ కొత్తది కొనుక్కుంది). 1,150 గ్రాముల నుంచి 1,110కి దిగింది, అంతే. వెటర్నరీ డాక్టర్‌కు చూపిస్తే, బరువు నిలబడినంత వరకు ఓపిక పట్టమన్నారు. నా పొరపాటేమిటంటే పెట్టెను ఖాళీగా ఉంచాను. పాముకు పెద్ద చోటంటే భయం లేదు, దాక్కోను దిక్కులేని చోటంటేనే భయం. రెండు మట్టి కుండలు అంచు కొట్టి, ఒకటి ఆ కొసన ఒకటి ఈ కొసన బోర్లించాను. మధ్యలో అట్టపెట్టెలు, ప్లాస్టిక్ తీగలు, కింద నర్సరీలో దొరికే కొబ్బరి పొట్టు. పక్క గోడలకు నల్ల కాగితం. ఆరో వారం ఎలుకను పెట్టిన అరనిమిషానికే పట్టేసింది. దీన్నిబట్టి చూస్తే డబ్బా నుంచి నేరుగా పెద్ద పెట్టెకే వెళ్లొచ్చు, నిండుగా సర్దితే చాలు.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. మే నెలలో హీటర్ తీసేసినా గది 36 ఉంటుంది. పెట్టె ఎంత పెద్దదైనా గది కన్నా చల్లబడదు. ఆ పని కూలర్‌ది. దాని గాలితో తేమ కూడా వస్తుంది, బాల్ పైథాన్‌కు అదొక లాభం. కరెంటు పోతే గడ్డకట్టిన నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి పెట్టె పైన పెడతాను. పడమటి గోడకు మాత్రం పెట్టెను ఆనించొద్దు.

ఇంకొక మాట. మన దేశపు పాముల్ని, అడవిలో దొరికిన కొండచిలువ పిల్లయినా సరే, ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతిని 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. నేను చేయించాకే ఇది రాస్తున్నాను.

ప్లాస్టిక్ డబ్బా ఇప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు పనికొస్తోంది. గాజు ట్యాంకును మేనల్లుడు చేపలకు పట్టుకుపోయాడు. నాలుగడుగుల పెట్టెకు ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ ఎత్తు దగ్గర పోయింది. బాల్ పైథాన్ కొమ్మలెక్కదని విని అడుగున్నరతో సరిపెట్టాను. రాత్రి పదకొండు దాటాక మా చిట్టి పాము లోపలి కొమ్మ చివరికంటా ఎక్కి, తల పైకప్పుకు తగిలి, అక్కడే కాసేపు నాలుక ఆడిస్తూ ఆగిపోతుంది. రెండడుగుల ఎత్తుకు కొటేషన్ ఇమ్మని వడ్రంగికి మళ్లీ ఫోన్ చేశాను. ఇంకా ఎత్తలేదు.