జాగ్రత్త: "పాత స్టాకు ఒరిజినల్" అని అమ్ముతున్న ఆ పిస్టన్ సెట్టు కొనకండి

నిన్న సాయంత్రం బండి తోసుకుంటూ ఇంటికొచ్చాను. రాత్రి పదకొండింటికి హెడ్డు విప్పి చూశాను. పొద్దున్నే బ్లాకు (పిస్టన్ ఆడే సిలిండర్) పట్టుకుని లేత్ దగ్గరికి వెళ్లాను. ఇప్పుడే తిరిగొచ్చి కూర్చున్నాను. గోళ్లలో మసి కూడా పోలేదు. కాస్త చల్లబడ్డాక రాద్దామనుకున్నాను గానీ, ఆ సెట్టు ఇవాళ కూడా అదే ఫొటోతో, అదే మాటలతో అమ్మకానికి ఉంది. నేను చల్లబడేలోపు ఇంకెవరో కొంటారు.

పాత టూ స్ట్రోక్ బళ్ల సామాన్లు ఆన్‌లైన్‌లో వెతికేవాళ్లకి అతనెవరో చెప్పక్కర్లేదు. పేరు రాయను. "పాత స్టాకు, సీలు విప్పని ఒరిజినల్, ఆర్‌ఎక్స్ 100 పిస్టన్ సెట్టు, 0.25 సైజు" అని పెట్టి ఉంటుంది, చూడగానే మీకే అర్థమవుతుంది. అతని దగ్గర నేను ఇంతకుముందు రెండుసార్లు కొన్నాను. ఒకసారి క్లచ్ కేబుల్, ఒకసారి ప్యాకింగ్ సెట్టు. రెండూ బాగానే ఉన్నాయి. మూడోసారి ఏమీ ఆలోచించకుండా సైటు బయటే, నేరుగా అతనికే డబ్బు పంపేశాను. "మనం మనం అన్నా, మధ్యలో వాళ్లకి కమిషన్ ఎందుకు" అన్నాడు. నిజమేననిపించింది. ఇప్పుడు ఫిర్యాదు చేద్దామంటే నేను కొన్నట్టు ఆ సైటులో రికార్డే లేదు.

బండి సంగతి క్లుప్తంగా చెప్తాను. 1991 మోడల్, నాన్నది. యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది కాబట్టి సామాన్ల బాధ మీకు తెలిసిందే. నా బ్లాకు గొప్పతనం ఏంటంటే, ఇన్నేళ్లలో దానికి ఒక్కసారి కూడా బోరింగ్ (లోపలి రంధ్రాన్ని వెడల్పు చేయడం) పడలేదు. స్టాండర్డ్ 50 మిల్లీమీటర్ల బోరు అలాగే ఉంది. ఈమధ్య చల్లటి ఇంజిన్ మీద పిస్టన్ టపటపా కొట్టుకోవడం, కిక్కు తేలిగ్గా దిగిపోవడం మొదలైంది. సరే, మొదటి సైజుకి, అంటే పావు మిల్లీమీటరు పెద్దగా, బోరు తీయిద్దాం, ఇంకో పదేళ్లు చూసుకోనక్కర్లేదు అనుకున్నాను.

పార్సెల్ వచ్చింది. డబ్బా మీద కంపెనీ పేరు, లోపల మాత్రం చేత్తో స్టేపుల్ కొట్టిన ప్లాస్టిక్ కవరు. పిస్టన్ తీసి తల మీద చూశాను. సైలెన్సర్ వైపు తిప్పి పెట్టాల్సిన బాణం గుర్తు ఉంది, సైజు లేదు. పెద్ద సైజు పిస్టన్ తల మీద ఆ సైజు కొట్టి ఉంటుందని నాకు తెలుసు. వెంటనే ఫోన్ చేశాను.

"కొత్త లాటులో నంబర్లు కొట్టట్లేదన్నా. మీకు నేను డూప్లికేట్ ఇస్తానా? మీరు మా పాత కస్టమరు."

ఇవే అతని మాటలు. ఈ రెండు ముక్కలే నన్ను ముంచాయి. "పాత స్టాకు" అని అమ్మిన మనిషి "కొత్త లాటు" అంటున్నాడే అని ఆ క్షణాన నాకు తట్టలేదు. తట్టి ఉంటే అప్పుడే తిరిగి పంపేసేవాణ్ని. నిన్న రాత్రి విప్పిన బ్లాకు ముందు కూర్చుంటే తట్టింది.

ఇంకో విషయం, పిస్టన్ కొలత సరిగ్గానే ఉంది. లేత్ ఆయన మైక్రోమీటర్ పెట్టి కింది అంచుకి కాస్త పైన, పిన్నుకి (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్డుకి కలిపే కడ్డీకి) అడ్డంగా కొలిచి, దానికి తగ్గట్టే బోరు తీశాడు, పోర్టుల (బోరు గోడలో గాలి, పొగ వెళ్లే రంధ్రాల) అంచులు కూడా మెత్తగా రుద్దాడు. ఆయన తప్పు ఏమీ లేదు. ఇంటికొచ్చాక రింగుని బోరులో పెట్టి, పిస్టన్‌తో సమంగా కిందికి తోసి, ఫీలర్ గేజ్‌తో సందు చూశాను. 0.20 వచ్చింది. అదీ బాగానే ఉంది. అంటే కొలిచేవాడు దేన్ని కొలుస్తాడో ఆ సరుకు చేసినవాళ్లకి తెలుసు. ఎవరూ కొలవని చోట చేతివాటం చూపించారు.

ఆ చోటు పిన్ లాకు. సర్క్లిప్ అంటారు, మన మెకానిక్కులందరూ లాకు అనే అంటారు. పిస్టన్‌లో పిన్ను పక్కకి జరగకుండా రెండు చివరలా గాడిలో కూర్చునే స్ప్రింగు తీగ. పాతవి తీస్తే మళ్లీ వాడకూడదు, కొత్తవే వేయాలి. నేను అలాగే చేశాను. లాకు లోపల పడకుండా క్రాంకు కేసు (బ్లాకు కింద ఉండే ఇంజిన్ భాగం) మూతికి గుడ్డ కుక్కాను. ఎడమ లాకు వేశాను. వేసినప్పుడు టక్కుమని గాడిలో పడాలి, పడ్డాక స్క్రూడ్రైవర్ మొనతో తోసినా గట్టిగా ఉండాలి. ఇది టక్కుమనలేదు, జారి కూర్చుంది. మొనతో తాకితే గాడిలో గుండ్రంగా తిరిగింది. చూశాను. నా కళ్లతో చూశాను, నా వేలికే తెలిసింది. "కొత్తది కదా, నూనె రాసి ఉంది, తిరుగుతోందిలే" అనుకుని, నోరు తెరిచిన వైపు కిందికి పెట్టి బ్లాకు దించేశాను. లాకు తిరుగుతుంటే నోరు ఏ వైపు పెట్టి ఏం లాభం? ఇరవై ఏళ్లుగా ఇంట్లో బండి విప్పి బిగిస్తున్నాను. ఆ ఒక్క నిమిషం ఆగి ఉంటే ఇవాళ ఇది రాయాల్సిన అవసరమే ఉండేది కాదు. దీనికి నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

బండి మొదటి కిక్కుకే స్టార్ట్ అయింది. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఆయిల్ పంపులో గాలి తీశాను, మొదట్లో జాగ్రత్తకి ట్యాంకులో పెట్రోలుకి కూడా కాస్త ఆయిల్ కలిపాను. సగం యాక్సిలరేటర్ దాటలేదు, పది కిలోమీటర్లకోసారి ఆపి చల్లారనిచ్చాను. 38 కిలోమీటర్లు. చిన్న టిక్కు శబ్దం వచ్చింది. క్లచ్ పట్టేలోపే ఏదో చించినట్టు చప్పుడైంది, ఇంజిన్ ఆగిపోయింది.

హెడ్డు తీసి, బ్లాకు పైకి లాగి, టార్చి వేసి చూశాను. ఎడమ గోడ మీద, పిన్ను చివర తగిలే చోట, పైనుంచి కిందికి ఒక్కటే గీత. తళతళలాడుతోంది. గోరు పెడితే గోరు పూర్తిగా దిగింది. పక్క పోర్టు అంచు ఒక చోట విరిగింది. పిస్టన్ చూస్తే ఎడమ లాకు లేదు, గాడి పెదవి తినేసి ఉంది, పిన్ను బయటికి తోసుకొచ్చింది. ఇంజిన్ నాలుగు వేల ఆర్‌పీఎంలో తిరిగితే పిస్టన్ నిమిషానికి ఎనిమిది వేల సార్లు ఆగి వెనక్కి తిరుగుతుంది. ప్రతిసారీ ఆ లాకుని కుదుపుతుంది. గాడి లోతుగా లేకపోతే, తీగకి గట్టి స్ప్రింగు లేకపోతే అది ఎంతసేపు నిలుస్తుంది?

పాత పిస్టన్ డబ్బాలో దాచి ఉంచాను కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. పాతదాని గాడిలో తీగ సగం మునిగిపోతుంది, అంచు పదునుగా ఉంటుంది. కొత్తదానిలో కుడివైపు మిగిలిన గాడి మీద గోరు వేస్తే తగిలీ తగలనట్టు జారిపోతుంది. కుడి లాకుని రెండు వేళ్లతో నొక్కితే నొక్కినట్టే ఉండిపోయింది, తిరిగి విచ్చుకోలేదు. అది స్ప్రింగు కాదు, వట్టి తీగ.

పొద్దున లేత్ దగ్గర్నుంచే అతనికి ఫోన్ చేశాను. గొడవ పెట్టుకోవాలని కాదు. ఆ లాటు మొత్తం అలాగే ఉంటుంది, అమ్మకం ఆపమని చెప్పాలనే చేశాను. మీరే నమ్మండి, డబ్బు మాట నేను ఎత్తనే లేదు. నేను చెప్తుంటే అటు నుంచి ఇంకెవరివో మాటలు వినిపించాయి. స్పీకరులో పెట్టాడని అప్పుడు అర్థమైంది. నేను గాడి గురించి చెప్తున్నాను. మధ్యలో అతను పక్కవాడితో, "ఇంకొకడు వచ్చాడ్రా, అదే సెట్టు" అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

ఇంకొకడు! అంటే నాకంటే ముందే ఎవరో ఫోన్ చేశారు. అతనికి ముందే తెలుసు. సైజు గుర్తు లేదేమిటని నేను అడిగిన రోజుకే తెలుసేమో కూడా. తెలిసే "మీకు నేను డూప్లికేట్ ఇస్తానా" అన్నాడా?

"తమ్ముడూ, నీకు ముందే తెలుసా?" అని అడిగాను. అంతవరకూ అన్నా, మీరు అన్న మనిషి ఒక్కసారిగా మారిపోయాడు. "నీకు బిగించడం రాక నా సరుకుని అంటావేంటి? ఆయిల్ పంపు చూసుకున్నావా? బిగించిన సామాను వాపసు లేదు, పెట్టెయ్" అన్నాడు. నేను పెట్టెయ్యలేదు, అతనే పెట్టేశాడు. ఐదు నిమిషాలకి మెసేజ్ పెడితే వెళ్లలేదు, నంబరు బ్లాక్ చేశాడు.

ఆయిల్ మాటకి జవాబు ఇక్కడే చెప్తాను, అతను మీకూ అదే చెప్తాడు. ఆయిల్ అందక సీజైతే, అంటే పిస్టన్ బిగుసుకుపోతే, గీతలు సాధారణంగా ముందు సైలెన్సర్ వైపు పడతాయి, అటే వేడి ఎక్కువ. పిస్టన్ ఒళ్లంతా వెడల్పుగా రాసుకుపోయి, అల్యూమినియం బోరుకి అంటుకుంటుంది. నా పిస్టన్‌కి సైలెన్సర్ వైపు ఒక్క గీత లేదు, ఆయిల్ తడి అలాగే ఉంది. దెబ్బంతా పిన్ను రంధ్రం దగ్గర, ఒక్క పక్కే. లేత్ ఆయన చేతిలోకి తీసుకోగానే "లాకు ఊడింది" అన్నాడు, నేను చెప్పకముందే.

డబ్బు సంగతి వదిలేయండి. బ్లాకు సంగతి వినండి. గీత లోతు 0.4 మిల్లీమీటర్లు. బోరు చుట్టూ సమంగా తీయాలి కాబట్టి ఆ గీత పోవాలంటే వ్యాసం 0.8 పెరగాలి. ఇప్పుడున్న 50.25కి అది కలిపితే 51.05. మామూలుగా దొరికే సైజులు 0.25, 0.50, 0.75, 1.00, అంటే 51 దగ్గర ఆఖరు. ఒక్కో సైజు ఒక్కో పదేళ్లు అనుకున్నాను నేను. నాలుగూ ఒక్క సాయంత్రం, 38 కిలోమీటర్లలో పోయాయి. ఇక మిగిలింది బ్లాకు లోపల కొత్త స్లీవ్ (బోరుగా ఉండే గొట్టం) వేయించడమే, అదీ పోర్టులన్నీ సరిగ్గా కుదిర్చేవాళ్లు దొరికితే. నాన్న ఆ బండి మీద నన్ను స్కూల్లో దింపేవారు. ఆయన వేలు పెట్టని బోల్టు లేదు అందులో. నేను వేలు పెట్టాను, ఇలా అయింది.

మీకు చెప్పేది పెద్దగా ఏమీ లేదు. ఆ సెట్టు ఇప్పటికే కొని ఉంటే బిగించకండి. బిగించి ఉంటే నడపకండి, విప్పి లాకులు చూడండి. గాడిలో లాకు వేళ్లతో తిరిగితే అది పనికిరాదు, ఎంత కొత్తదైనా సరే. లాకులు విడిగా మంచివి తెచ్చి వేద్దాం అనుకోకండి, గాడే లోతు లేదు. చిన్న సామాను బాగుందని పెద్ద సామానుకి సైటు బయట డబ్బు పంపకండి. ముందు ఫోన్ చేసిన ఆ "ఇంకొకరు" ఎవరో ఇది చూస్తే, దయచేసి మీ పిస్టన్ ఫొటోలు పెట్టండి. ఇద్దరివీ పక్కపక్కన ఉంటే మనిద్దరికీ బిగించడం రాదని అతను అనలేడు.

నా పని ఇంకా అవ్వలేదు. ఊడిన లాకులో ఒక ముక్క పిస్టన్ మీద అతుక్కుని దొరికింది, రెండోది దొరకలేదు. సైలెన్సర్ విప్పి దులిపాను, అందులో లేదు. కేసులోకి అయస్కాంతం దించి తిప్పాను, రాలేదు. క్రాంకు పలకల మధ్య ఎక్కడో ఉండి ఉంటుంది. కేసు మూతికి గుడ్డ కట్టేశాను, కిక్కు రాడ్డు తీసి పక్కన పెట్టాను, ఇంట్లో ఎవరూ తెలియక కొట్టకుండా. రేపు ఇంజిన్ మొత్తం దించుతాను.