ఆఫీసుకూ ప్రయాణాలకూ రాత్రి షికార్లకూ ఒకే బ్యాగు: 11 నెలలు వాడాక రాస్తున్న రివ్యూ

ఈ బ్యాగు కొని 11 నెలలైంది. బ్యాగు సంగతి వారం పది రోజుల్లో తేలేది కాదు. అది వానలో తడవాలి, రైల్లో సీటు కింద నలగాలి, నిండా సామాను కుక్కి జిప్పు బలవంతంగా లాగిన రోజులు కొన్ని ఉండాలి, అప్పుడు గానీ దాని అసలు రంగు బయటపడదు. అందుకే ఇన్నాళ్ళు ఆగి రాస్తున్నా. కంపెనీ పేరు మాత్రం రాయడం లేదు. ఇలాంటి బ్యాగులు చాలా కంపెనీలు చేస్తున్నాయి, ఏ భాగంలో ఏం చూసుకోవాలో చెబితే మీరు ఏది కొన్నా పనికొస్తుంది.

ముందు వివరాలు. 24 లీటర్లు, ఖాళీగా 1.1 కిలోలు, 900 డెనియర్ పాలిస్టర్ గుడ్డ. ఈ డెనియర్ అనే మాట ప్రతి బ్యాగు చీటీ మీదా ఉంటుంది కానీ అదేంటో ఎవరూ చెప్పరు. 9,000 మీటర్ల పొడవున్న దారం ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్లు, అంతే. అంకె పెద్దదైతే దారం లావు. అయితే అంకె ఒక్కటే చూసి కొనకండి, ఎందుకంటే ఒకే డెనియర్‌లో నైలాన్ రాపిడికి పాలిస్టర్ కంటే బాగా ఆగుతుంది, పాలిస్టరేమో ఎండకు తొందరగా పాడవదు. నాది రోజూ ఎండలో తిరిగే బతుకు కాబట్టి పాలిస్టర్ తీసుకున్నాను, రంగు ఇప్పటికీ వెలవలేదు, కానీ అడుగున మూలలు రెండూ నూగు లేచి గరుకుగా అయ్యాయి.

నాకు ఒకే బ్యాగు ఎందుకు కావాల్సి వచ్చిందంటే, మూడో ఏడాదిలో ఇంటర్న్‌షిప్ మొదలయ్యాక రోజు ముక్కలు ముక్కలైపోయింది. పొద్దున క్లాసు, అక్కడి నుంచి ఆఫీసు, శుక్రవారమైతే ఆఫీసు నుంచి నేరుగా రాత్రి బండి ఎక్కడం, లేదా స్నేహితులతో బయటికి. మధ్యలో గదికి వెళ్ళి బ్యాగు మార్చుకునే టైమే ఉండదు. అంతకు ముందు వాడిన బ్యాగు కాలేజీకి సరిపోయేది కానీ ఆఫీసు లాప్‌టాప్ ఇచ్చిన రోజు దాంట్లో పెట్టుకోవడానికి భయం వేసింది. ఆ లాప్‌టాప్ తీసుకునేటప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, ఏమైనా అయితే బాధ్యత నాదేనని. ఆ సంతకం పెట్టినప్పటి నుంచి బ్యాగు కింద పెట్టిన ప్రతిసారీ గుండె గుభేలుమనేది.

అందుకే ఈ బ్యాగులో నాకు అన్నింటికంటే నచ్చింది లాప్‌టాప్ అర. ఆ అర అడుగు బ్యాగు అడుగు దాకా రాదు, మూడు వేళ్ళ మందం పైనే ఆగిపోతుంది. అంటే బ్యాగును విసురుగా కింద పెట్టినా నేలకు తగిలేది బ్యాగు అడుగే తప్ప లాప్‌టాప్ మూల కాదు. ఇది ఫోటోల్లో కనిపించదు. షాపులో చూసేవాళ్ళు ఒక పని చేయండి: ఆ అరలో ఒక పుస్తకం పెట్టి బ్యాగు అడుగు భాగాన్ని కింది నుంచి వేళ్ళతో నొక్కండి, పుస్తకం అంచు గట్టిగా తగిలితే ఆ బ్యాగు వద్దు. ఇంకో మాట, 15.6 అంగుళాలు అని రాసి ఉంటే అది స్క్రీన్ మూల నుంచి మూలకు కొలత. ఒకే స్క్రీన్ సైజున్న రెండు లాప్‌టాప్‌ల బాడీ ఒకేలా ఉండదు, కాబట్టి టేపు పెట్టి మీ లాప్‌టాప్ పొడవు, వెడల్పు కొలుచుకుని వెళ్ళండి. నా పాత లాప్‌టాప్ మందంగా ఉండేది, దాంతో జిప్పు మూల దగ్గర ప్రతిసారీ ఇరుక్కునేది.

బరువు సంగతి చెప్పాలి. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చాక భుజాలు పట్టేసి, అసలు ఏం మోస్తున్నానా అని ఒక్కొక్కటీ తూచాను. బ్యాగు 1.1, లాప్‌టాప్ 1.7, ఛార్జర్ 0.4, నీళ్ళు నింపిన స్టీలు సీసా 1, లంచ్ బాక్స్ 0.7, గొడుగు 0.3, పవర్ బ్యాంక్ 0.4. మొత్తం 5.6 కిలోలు. పుస్తకం ఒక్కటి కూడా లేకుండానే! బడి పిల్లల విషయంలో బ్యాగు బరువు ఒంటి బరువులో 10 నుంచి 15 శాతం దాటకూడదని చెబుతుంటారు. పెద్దవాళ్ళకు అంత పట్టింపు అక్కర్లేదేమో కానీ, గంటసేపు బస్సులో నిలబడేవాళ్ళకు ఆ లెక్క గుర్తుంచుకోవడం మంచిదే. పట్టీలు వెడల్పుగా, లోపల గట్టి ఫోమ్‌తో ఉన్నాయి, నొక్కితే పూర్తిగా అణగవు, అది బాగుంది. కానీ మొదటి నెలంతా నేను పట్టీలు వదులుగా పెట్టుకుని బ్యాగు నడుము కిందకి వేలాడేలా వేసుకున్నాను, భుజాల నొప్పికి సగం కారణం అదే. పట్టీలు బిగించి బ్యాగు వీపుకు ఆనుకునేలా చేసి, బరువైనవన్నీ వీపు వైపు సర్దితే అదే 5.6 కిలోలు తేడాగా అనిపిస్తుంది. ఛాతీ దగ్గర క్లిప్పు ఒకటుంది, మెట్లు ఎక్కేటప్పుడు పెట్టుకుంటే పట్టీలు జారవు.

అరల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, 13 ఉన్నాయని గొప్పగా రాశారు, నేను వాడేది ఐదే. వాటిలో వీపుకు ఆనుకుని ఉండే దొంగ జేబు మాత్రం బంగారం. ఐడీ కార్డు, ఫోను అందులో వేసుకుంటే ఎంత రద్దీలోనైనా ధీమాగా ఉంటుంది, ఎవరైనా చెయ్యి పెట్టాలంటే ముందు నన్ను కదిలించాలి.

ఇక ప్రయాణాలు. ఈ బ్యాగు సూట్‌కేసులా రెండు పలకలుగా తెరుచుకుంటుంది. పైనుంచి మాత్రమే తెరుచుకునే బ్యాగులో అడుగున ఉన్న ఒక్క చొక్కా కోసం అన్నీ బయట పోయాలి, ఇందులో ఆ తిప్పలు లేవు. రెండు రాత్రుల ప్రయాణానికి మూడు జతల బట్టలు చుట్టలుగా చుట్టి పెడితే లాప్‌టాప్‌తో సహా పడతాయి. మూడు రాత్రులైతే పట్టవు, నేను ప్రయత్నించి జిప్పు పళ్ళు విడిపోయేదాకా తెచ్చుకున్నాను. వీపు వెనక అడ్డంగా ఒక పట్టీ ఉంది, చక్రాల సూట్‌కేసు పిడిని దాంట్లోంచి దూర్చి బ్యాగును పైన కూర్చోబెట్టొచ్చు, స్టేషన్లో ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు నడిచినప్పుడు ప్రాణం లేచొచ్చింది.

విమానం ఎక్కేవాళ్ళకు ఒక ముఖ్యమైన మాట. పవర్ బ్యాంక్ ఎప్పుడూ ఈ బ్యాగులోనే, అంటే మీతో పాటు లోపలికి వచ్చే బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు. మామూలుగా 100 వాట్-అవర్ల (బ్యాటరీలో పట్టే కరెంటుకు కొలత) దాకా అడగకుండా తీసుకెళ్ళొచ్చు. పవర్ బ్యాంక్ మీద ఎంఏహెచ్ (mAh) అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది, వాట్-అవర్లు వెతకాల్సి వస్తుంది, లెక్క తేలికే: ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి 1000తో భాగించాలి. నాది 20,000 ఎంఏహెచ్, అంటే 74 వాట్-అవర్లు. 27,000 దాటితే హద్దు మీదికి వచ్చినట్టే. చెక్-ఇన్ సంగతి తెలియని స్నేహితుడొకడు తన పవర్ బ్యాంకును పెద్ద సూట్‌కేసు అడుగున పెట్టాడు, కౌంటర్ దగ్గర వెనక అందరూ నిలబడి ఉండగా సూట్‌కేసంతా విప్పాల్సి వచ్చింది. విమానం తప్పిపోతుందేమోనని వాడి ముఖంలో ఆ టెన్షన్ చూసినప్పటి నుంచి, ఎవరితో ప్రయాణం చేసినా ముందు రోజే నేనే అడుగుతున్నాను, పవర్ బ్యాంక్ ఎక్కడ పెట్టావని.

వాన దగ్గర ఈ బ్యాగు నన్ను నిరాశపరిచింది. చీటీ మీద 'వాటర్ రెసిస్టెంట్' అని ఉంది, నేను దాన్ని వాటర్‌ప్రూఫ్ అనుకున్నాను, రెండూ ఒకటి కాదు. తెల్లవారుజామున బస్సు దిగి ఇరవై నిమిషాలు వానలో నడిచాను. గుడ్డ మీద నీటి బొట్లు ముత్యాల్లా జారిపోతుంటే చూసి మురిసిపోయాను కూడా. గదిలోకి వెళ్ళి తెరిస్తే పైన పెట్టిన చొక్కా ఒక గీతలా తడిసి ఉంది, సరిగ్గా జిప్పు పొడవునా. నీళ్ళు గుడ్డలోంచి రాలేదు, జిప్పు పళ్ళ మధ్య నుంచీ కుట్టు పడిన రంధ్రాల నుంచీ వచ్చాయి. గుడ్డ ఎంత మంచిదైనా ఈ రెండు చోట్లా కాపలా లేకపోతే లాభం లేదు. అప్పటి నుంచి బ్యాగు లోపలే ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు పరిచి, లాప్‌టాప్, బట్టలు దాంట్లో పెట్టి మూతి మడుస్తున్నాను. పైన తొడిగే రెయిన్ కవరు కంటే ఇదే నయం, ఎందుకంటే రెయిన్ కవరు వీపు వైపు కప్పదు, వీపు మీద నుంచి కారే నీళ్ళన్నీ అటే దిగుతాయి. తడిసిన బ్యాగును మూసి మూల పడేయకండి. లోపలి వైపు వేసిన పూత తేమకు నెమ్మదిగా జిగటగా మారి పొలుసులుగా రాలిపోతుంది, పాత బ్యాగుల్లో చేతికి అంటుకునే ఆ పొడి అదే. జిప్పులన్నీ తెరిచి, తలకిందులుగా నీడన ఆరేయాలి.

రాత్రి షికార్లకు ఈ బ్యాగు పనికిరాదు. ఈ మాట చెప్పడానికి నాకు బాధగా ఉంది, ఎందుకంటే మిగతా రెండింటికీ ఇది నిజంగా మంచి బ్యాగు. ఒక శుక్రవారం ఆఫీసు నుంచి నేరుగా ఒక మ్యూజిక్ షోకి వెళ్ళాం, ఐదుగురం. గేటు దగ్గర ఇంత పెద్ద బ్యాగు లోపలికి కుదరదన్నారు. అక్కడ సామాను పెట్టే గది ఉంది కానీ లోపల ఆఫీసు లాప్‌టాప్ ఉందని చెబితే విలువైన వస్తువులకు మాది బాధ్యత కాదన్నారు. చివరికి ఒకరి తర్వాత ఒకరం వంతులేసుకుని బయట బ్యాగు దగ్గర కూర్చున్నాం. నా కోసం నలుగురూ తలా అరగంట షో పోగొట్టుకున్నారు, ఒక్కరు కూడా మాట అనలేదు, అదే నన్ను ఎక్కువ కలచివేసింది. ఆ తర్వాత రెండు పనులు చేశాను. బయటికి వెళ్ళే రోజు లాప్‌టాప్ ఆఫీసు లాకర్లోనే పెట్టి తాళం వేస్తున్నాను, ముందు రోజే మేనేజర్‌ను అడిగితే సరేనన్నారు. రెండోది, మడిస్తే పిడికిలంత అయ్యే చిన్న భుజం సంచి ఒకటి కొని ఈ బ్యాగు ముందు జేబులో పడేశాను. ఫోను, తాళాలు, కార్డు, పలచటి స్వెటర్ దాంట్లో పడతాయి, పెద్ద బ్యాగు కూడా ఆఫీసులోనే ఉండిపోతుంది. రాత్రి నడిచి వెళ్ళేవాళ్ళకు పనికొచ్చేది మాత్రం ఈ బ్యాగులో ఒకటుంది, వెనక భాగంలో లైటు పడితే మెరిసే పట్టీ. రోడ్డు పక్కన నడుస్తుంటే వెనక నుంచి వచ్చే బండివాళ్ళకు దూరం నుంచే కనిపిస్తామని స్నేహితురాలు ఫోటో తీసి చూపించింది.

జిప్పు గురించి ఒక్క ముక్క. ఎనిమిదో నెలలో పెద్ద జిప్పు లాగితే వెనకాలే విచ్చుకోవడం మొదలైంది. చాలామంది పళ్ళు పోయాయనుకుని బ్యాగే పడేస్తారు. ఎక్కువసార్లు అరిగేది పళ్ళు కాదు, వాటిని కలిపే రన్నరు. దాని రెండు పక్కలా వెనక వైపు అంచుల్ని పటకారుతో కొంచెం, చాలా కొంచెం నొక్కితే మళ్ళీ పట్టు వస్తుంది. నాది ఇప్పటికీ నడుస్తోంది.

అసలు గొడవ పట్టీతో వచ్చింది. ఏడో నెలలో ఎడమ భుజం పట్టీ పైభాగంలో, బ్యాగును కలిసే చోట, కుట్టు ఊడటం మొదలైంది. మొదట ఒక దారం పోగు బయటికి వచ్చింది, దాన్ని కత్తిరించి ఊరుకున్నాను. పది రోజుల్లో చిటికెన వేలు దూరేంత ఖాళీ ఏర్పడింది. కంపెనీకి ఫోటోలు పంపాను, ఏడాది వారంటీ ఉంది కదా అని. బిల్లు అడిగారు, పంపాను. తర్వాత కుట్టు ఊడటం వాడకం వల్ల వచ్చే అరుగుదల కిందకి వస్తుందని, వారంటీ వర్తించదని రాశారు. బ్యాగు పట్టీ బరువు మోయడానికే ఉంటుంది, మోస్తే ఊడిందంటే అది నా తప్పెలా అవుతుందని మళ్ళీ రాశాను, ఈసారి జవాబే లేదు. మంచి గుడ్డ వేసి, మంచి లాప్‌టాప్ అర కుట్టి, బరువంతా ఆగే ఆ నాలుగు అంగుళాల దగ్గర దారం ఆదా చేయడం నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

చివరికి చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పట్టీని వెనక్కి మడిచి చూపించారు. "ఒక్క వరసే కుట్టారు, బరువుకు ఇది ఆగదు" అన్నారు. మైనం పూసిన లావు దారంతో ముందు చతురస్రంలా చుట్టూ కుట్టి, దాని మధ్యలో మూల నుంచి మూలకు అడ్డంగా రెండు గీతలు వేశారు, గుణకారం గుర్తులా. పది నిమిషాల పని. మీరు కొత్త బ్యాగు కొనేటప్పుడు ఆ చోట ఆ గుర్తు గానీ, దగ్గర దగ్గరగా ముందుకీ వెనక్కీ పడిన చిక్కటి కుట్టు గానీ ఉందేమో చూడండి. లేవబోతుంటే ఆయనే ఆపి కుడి పట్టీ కూడా తిప్పి చూశారు. అక్కడ అప్పటికే రెండు పోగులు లేచి ఉన్నాయి. దానికీ అదే కుట్టు వేయించుకుని వచ్చాను.